బండి కదలదు, తగాదా తెగదు: ఎవరి మాట వినాలి?

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది అనంతపురం. మా ఆయన బ్యాంకులో రిటైరయ్యాక పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొన్నారు. సీట్లు తీయించి మంచం, వంట గట్టు, ఫ్రిజ్ పెట్టించుకుని ఇద్దరం ఊళ్ళు తిరగాలని ఆశ. అదే ఊపులో గాలి నింపే పడవ, దాని వెనక తగిలించే చిన్న పెట్రోలు మోటారు కూడా కొనేశారు. సీట్లు తీయడం అయింది, అక్కడితో పని ఆగింది. రోజూ రాత్రి ఫోన్లో ఈ పిచ్చి ఉన్నవాళ్ళ మాటలు వింటారు. ఒకాయన లిథియం బ్యాటరీ తప్ప వేరేది పెట్టేవాడు మూర్ఖుడంటాడు. ఇంకొకాయన లిథియం పెడితే బండి తగలబడుతుందంటాడు. పడవ మోటారు దగ్గరా అంతే, టూ స్ట్రోకా ఫోర్ స్ట్రోకా అని కొట్టుకుంటారు. ఈయన కూడా మధ్యలో దూరి వాదించి బీపీ పెంచుకుంటున్నారు. పదకొండు నెలలైంది. బండి ఇంటి ముందే ఉంది, దాని కింద పిల్లులు కాపురం పెట్టాయి. నాకు డ్రైవింగ్ వచ్చు, లైసెన్సు కూడా ఉంది. ఎవరి మాట నమ్మి పని మొదలుపెట్టాలి?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం మా ఆవిడకు చదివి వినిపించాను. "మన కథ వాళ్ళకెట్లా తెలిసింది?" అంది. ఆర్టీసీ గ్యారేజీలో 31 ఏళ్ళు బస్సుల కింద పడుకుని పనిచేసినవాణ్ణి, రిటైరయ్యాక నా సొంత వ్యానును ఏడు నెలలు కదపలేకపోయాను. కర్నూల్లో మా వీధివాళ్ళు దానికి 'షెడ్డు' అని పేరు పెట్టారు. ఇంజన్ సంగతి నాకెవరూ చెప్పనక్కర్లేదు. బండిలో కాపురం పెట్టడం మాత్రం వేరే విద్య, అందులో నేను ఒకటో తరగతి.

ముందు ఆ తగాదాల సంగతి. బావగారు వినే మాటల్లో పచ్చి అబద్ధాలు తక్కువే ఉంటాయి. ఎవరికి వాళ్ళు తమ ఊళ్ళో, తమ బండిలో నిజమైంది చెబుతారు. ఆ ఊరు అనంతపురం కాదు, అదే చిక్కు. లిథియం సంగతే తీసుకోండి. సున్నా డిగ్రీల కంటే చలిగా ఉన్నప్పుడు దాన్ని చార్జ్ చేస్తే లోపల పాడవుతుంది. ఇది నిజం. అందుకే మంచు పడే దేశాలవాళ్ళు బ్యాటరీకి హీటర్ పెట్టాలా వద్దా అని నెలల తరబడి పోట్లాడుకుంటారు. అనంతపురంలో బ్యాటరీకి స్వెట్టర్ తొడిగే రోజు ఎప్పుడొస్తుంది చెప్పండి? మీరు అడగాల్సింది దానికి తలకిందులు ప్రశ్న: ఏప్రిల్లో తలుపులన్నీ మూసి ఎండలో నిలబెట్టిన బండిలో బ్యాటరీ ఏమవుతుంది?

దానికి జవాబు ఉంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు సుఖం. అక్కడి నుంచి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని లెక్క. లిథియం కూడా వేడికి ముసలిదవుతుంది, మరీ వేడెక్కితే దాని లోపలి సర్క్యూటే చార్జింగ్ ఆపేస్తుంది. కాబట్టి ఏది పెట్టినా ఎండ తగిలే పక్క కాకుండా, కింద, గాలి ఆడేచోట పెట్టాలి. తగలబడుతుందన్న భయం గురించి కూడా ఒక మాట. లిథియంలో రకాలున్నాయి. బండ్లలో ఇంటి వాడకానికి పెట్టేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఫోన్లలో ఉండే రకం కంటే ఇది చాలా నిలకడైనది. లెడ్ యాసిడ్‌లోనే నీళ్ళు పోసే రకం ట్యూబులర్ బ్యాటరీ, అది చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. దాన్ని పడుకునే గదిలో మూసిపెట్టిన పెట్టెలో ఉంచడమే నాకు ఎక్కువ భయం.

ఇప్పుడు బండికి రోజుకు ఎంత కరెంటు కావాలో లెక్క. వాట్లను గంటలతో గుణిస్తే వాట్ అవర్లు. ఇది బావగారి చేత చేయించండి, బ్యాంకు మనిషి కదా, ఎవరితోనూ వాదించకుండా ఒక సాయంత్రం గడుస్తుంది. 12 ఓల్టుల ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 20 వాట్లు, రాత్రికి 9 గంటలు: 360. ఐదు వాట్ల లైట్లు నాలుగు, 4 గంటలు: 80. ఫోన్లు, నీళ్ళ పంపు కలిపి ఇంకో 50 అనుకోండి. ఫ్రిజ్ లేకుండా రోజుకు 500 వాట్ అవర్లు. చిన్న 12 ఓల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెడితే మన ఎండాకాలంలో అదొక్కటే ఇంకో 500, 600 తింటుంది, ఎందుకంటే బయట 40 దాటితే అది దాదాపు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. మొత్తం సుమారు 1,100.

150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్‌లో 1,800 ఉంటుంది, కానీ సగం కంటే ఎక్కువ వాడితే అది తొందరగా చస్తుంది. చేతికొచ్చేది 900. 100 ఆంపియర్ అవర్ల లిథియంలో 1,280 ఉంటుంది, 80 శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు, అంటే వెయ్యి పైచిలుకు. రెండూ ఇంచుమించు ఒకే పని చేస్తాయి. మొదటిది 50 కిలోల పైన బరువు, చవక, మన వీధి చివర బ్యాటరీ షాపులో రిపేరుకు దిక్కుంది. రెండోది డజను కిలోలు, ధర ఎక్కువ, పాడైతే పార్శిల్ చేసి ఎక్కడికో పంపాలి. పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెల్ పెడితే మన సీమ ఎండకు రోజుకు 700, 800 వస్తుంది. ఎండ ఎంత ఎక్కువైతే అంత కరెంటు అనుకునేరు. ప్యానెల్ వేడెక్కిన కొద్దీ దిగుబడి తగ్గుతుంది, 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం. మే నెల మధ్యాహ్నం కంటే డిసెంబరు చల్లటి పొద్దు దానికి హాయి. మీరు ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు, ట్రిప్పుకు మూడు నాలుగు రాత్రులు తిరిగేవాళ్ళయితే ట్యూబులర్ చాలు. నెలల తరబడి తిరిగేవాళ్ళయితే లిథియం. తగాదా ఇంతే.

ఏసీ అడుగుతారని తెలుసు, మా ఆవిడా అడిగింది. ఒక టన్ను ఏసీ రాత్రి 8 గంటలు నడవాలంటే ఐదారు వేల వాట్ అవర్లు, అంటే పైన చెప్పిన లిథియం బ్యాటరీలు ఐదారు. మేము ఏసీ పెట్టలేదు, క్యాలెండరు మార్చుకున్నాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సీమలో తిరుగుతాం, ఎండలు ముదిరితే హార్స్‌లీ హిల్స్ లాంటి కొండ ఎక్కుతాం, లేకపోతే ఇంట్లో ఉంటాం. పైకప్పుకు మాత్రం తెల్ల రంగు వేయించండి.

మా మొదటి అవస్థ గండికోటలో. పెన్నా లోయ అంచు చూసొచ్చి, వెన్నెట్లో పెరుగన్నం తిని పడుకున్నాం. అర్ధరాత్రి ఫ్రిజ్ టిక్కుమని ఆగిపోయింది. పొద్దున్నే పాలు విరిగాయి. ఫోన్లో నలుగుర్ని అడిగాను. బ్యాటరీ నకిలీదని ఒకడు, ఫ్రిజ్ దండగమారిదని ఇంకొకడు, సోలార్ కంట్రోలర్ మార్చమని మూడోవాడు. ఈలోగా వాళ్ళలో వాళ్ళకు తగాదా. నేను 14 వేలు పోసి రెండో బ్యాటరీ కొన్నాను. మళ్ళీ అర్ధరాత్రి, మళ్ళీ టిక్కు. చివరికి మా గ్యారేజీలో ఎలక్ట్రీషియన్‌గా చేసిన కుర్రాడు మల్టీమీటర్ తెచ్చి బ్యాటరీ దగ్గర కొలిచాడు, 12.5 ఓల్టులు. ఫ్రిజ్ స్టార్టయ్యే క్షణంలో ఫ్రిజ్ దగ్గర కొలిచాడు, 10.8. "సార్, వైరు ఎవరు లాగారు?" అన్నాడు. లాగింది నేనే. ఇంటి లైట్లకు వాడే ఒక చదరపు మిల్లీమీటరు వైరు, ఐదు మీటర్ల దూరం. ఇంట్లో 230 ఓల్టుల్లో ఒకటిన్నర ఓల్టు పోతే ఎవరికీ తెలియదు. 12 ఓల్టుల్లో అంత పోతే ఫ్రిజ్ తన బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశాం, ఈ ఆరేళ్ళలో పాలు విరగలేదు. అంతమంది పండితుల్లో ఒక్కడు కూడా వైరు మందం ఎంత అని అడగలేదు. అడగకుండా జవాబు చెప్పేవాడు తన బండి గురించే చెబుతున్నాడని నాకు ఆ రోజు తెలిసింది. ఆ రెండో బ్యాటరీ ఇప్పుడు మా ఇంట్లో ఇన్వర్టర్‌కు పనికొచ్చింది, అది వేరే సంగతి.

కాబట్టి మీ మొదటి కొనుగోలు మల్టీమీటర్. నాలుగైదు వందలకు వస్తుంది. బావగారికి కాదు, మీ చేతికి తీసుకోండి. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరే వైరుకు జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. బండ్లు తగలబడేది ఎక్కువగా ఒరుసుకుపోయిన వైర్లు, వదులు స్క్రూల వల్లే. గతుకుల్లో స్క్రూలు వదులవుతాయి, ప్రతి ట్రిప్పు తర్వాత బిగించి చూడాలి.

వంట గట్టు గురించి. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకయితే నేల మీద పరుచుకుంటుంది. కిటికీ తెరిచి ఉంది కదా అనుకుంటే చాలదు, సిలిండర్ పెట్టే గూటికి కింద, బండి నేలలోనే కన్నం ఉండాలి. ట్యూబులర్ పెడితే దాని హైడ్రోజన్ పైకి పోతుంది, ఆ పెట్టెకు పైన కన్నం. ఒకదానికి కింద, ఇంకోదానికి పైన, వడ్రంగికి ముందే చెప్పండి. 5 కిలోల చిన్న సిలిండర్ చాలు. వీలైనంతవరకు బయట చెట్టు కింద వండుకోండి. తలుపులు మూసి పొయ్యి వెలిగించి చలి కాచుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పట్టే చిన్న అలారం దొరుకుతుంది, మంట ఆర్పే సిలిండర్‌తో పాటు అదీ కొనండి.

వడ్రంగి అన్నాను కదా, అక్కడా జాగ్రత్త. మన వడ్రంగులు బండిని ఇల్లనుకుని 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడతారు. ఒక్క షీటు 35 కిలోలు. పది షీట్లకు 350. దానిమీద 100 లీటర్ల నీళ్ళ ట్యాంకు, అంటే 100 కిలోలు. బ్యాటరీ, సిలిండర్, పడవ, మోటారు, మీ ఇద్దరు. మీ ఆర్సీలో బండి ఖాళీ బరువు, మొత్తం ఎంత మోయొచ్చు అన్నది రాసి ఉంటుంది. పని మొదలుకాకముందే ట్యాంకు నిండా డీజిల్ పోసి కాటా మీదికి ఎక్కించండి. మన జిల్లాల్లో కాటాకు కరువా? బేతంచర్ల బండల లారీలు, తాడిపత్రి నాపరాళ్ళ లారీలు తూగే కాటాలు రోడ్డు పొడవునా ఉన్నాయి. పని సగమయ్యాక ఒకసారి, అయిపోయాక ఒకసారి మళ్ళీ తూయండి. రెండు చక్రాలే కాటా మీద ఉంచి ముందు బరువు, వెనక బరువు వేరుగా కూడా చూడొచ్చు. మేము చూడలేదు, అంతా వెనకే పెట్టేశాం. తర్వాత నల్లమల ఘాట్‌లో మలుపు దగ్గర స్టీరింగ్ తేలిపోతుంటే తెలిసింది.

ఇంకో సంగతి టైర్లు. పదకొండు నెలలు కదలని బండికి టైర్లు అరగవు, కానీ చస్తాయి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఐదారేళ్ళు దాటిన టైరును, పక్కల్లో సన్నటి పగుళ్ళున్న టైరును మన 44వ నంబరు జాతీయ రహదారి మీద మే నెలలో నమ్మొద్దు, రోడ్డుకు తగిలే బటన్లు ఎంత కొత్తగా కనబడినా సరే.

చట్టం సంగతి మీరు అడగలేదు, కానీ అసలు భయం అక్కడుంది. సీట్లు తీసేశామని రాశారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ తయారుచేసిన బండి రూపాన్ని మన ఇష్టానికి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ అని రిజిస్టర్ చేసుకునే వర్గం మాత్రం ఉంది, ఇటువంటి బండ్లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం కూడా ఉంది. ముందు ఆర్టీఓ ఆఫీసుకు వెళ్ళి, మీ బండికి ఏ అనుమతి కావాలో కాగితం పెట్టి అడగండి, జవాబు కాగితం మీదే తీసుకోండి. పసుపు బోర్డు బండి అయితే సొంత బండిగా మార్చడం వేరే పని. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా రాతలో తెలియజేయాలి. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిం తిప్పికొట్టడానికి వాళ్ళకు అదే సాకు చాలు. అందాకా తీసిన సీట్లు అమ్మకండి.

ఆ కాగితాలు వచ్చేదాకా ఏం చేయాలి? బండి సిద్ధం చేసుకుని బయల్దేరాలని మీరిద్దరూ అనుకుంటున్నారు. నన్నడిగితే సిద్ధం కాకముందే పడుకోవాలి. ఈ శనివారం రాత్రి బండిలో పరుపు పరిచి, ఇంటి ముందే పడుకోండి. నవ్వులాట కాదు. ఏ పక్క నుంచి వీధి లైటు కళ్ళలో కొడుతుందో, ఏ కిటికీ తీస్తే గాలి వస్తుందో, అర్ధరాత్రి బాత్రూంకి లేవాలంటే ఎవరు ఎవర్ని దాటాలో ఒక్క రాత్రిలో తెలుస్తుంది. మంచం అడ్డంగా వేయాలా నిలువుగా వేయాలా అని మేము మూడు వారాలు వాదించుకున్నాం. పడుకుంటే పది నిమిషాల్లో తేలింది: నా ఎత్తుకు అడ్డంగా పడదు. తర్వాత సీట్లు తిరిగి బిగించుకునో, లేదా కాగితం చేతికొచ్చాకో, పెన్నహోబిలం దాకా వెళ్ళి రండి, ఆ తర్వాత మహానంది, యాగంటి. పది రాత్రులు గడిచేదాకా మేకు కొట్టించొద్దు. ఒక నోటుబుక్కు పెట్టి, ఆ రాత్రి ఏది లేక ఇబ్బంది పడ్డారో రాయండి. మా పుస్తకంలో ఇన్వర్టర్ అన్న మాట ఒక్కసారీ రాలేదు. 'చెప్పులు ఎక్కడ పెట్టాలి' అన్నది ఏడు సార్లు వచ్చింది.

నీళ్ళు, టాయిలెట్ గురించి త్వరగా చెప్పేస్తాను. అనంతపురం బోరు నీళ్ళు పట్టకండి, తెల్ల పొర కట్టి పంపు, షవర్ కన్నాలు పూడుకుపోతాయి. తాగేవి క్యాన్లలో వేరుగా. విదేశాల్లోలాగా బండి టాయిలెట్ ఖాళీ చేసే చోట్లు మనకు లేవు, ఆ ట్యాంకు మోసుకెళ్ళి మామూలు మరుగుదొడ్డిలోనే పోయాలి. మొదటిసారి మోసినవాడు రెండోసారి మొయ్యడు. మేము పెట్రోలు బంకుల మీదే ఆధారపడతాం, రాత్రికి ఒక చిన్న పోర్టబుల్ ఉంది.

ఇక పడవ. ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడతాను, కోపం తెచ్చుకోకండి. బండి తప్పు చేస్తే రోడ్డు పక్కన ఆగుతుంది. పడవ తప్పు చేస్తే ఆగడానికి పక్క ఉండదు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునగడం మీకు గుర్తుంది కదా. అది పెద్ద బోటు.

మోటారు పెట్టిన పడవకు 2021 నాటి అంతర్గత నౌకల చట్టం వర్తిస్తుంది, రిజిస్ట్రేషన్, తనిఖీ ఉంటాయి. రిజర్వాయర్ నీటిపారుదల శాఖది, శ్రీశైలం వెనక నీళ్ళయితే ఒడ్డున పులుల అడవి కూడా ఉంది. అనుమతి లేకుండా దించొద్దు. అనుమతి వచ్చేదాకా నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. ఇంటి వెనక 200 లీటర్ల డ్రమ్ములో నీళ్ళు నింపి, మోటారును దానికి గట్టిగా బిగించి, గేరు వేయకుండా స్టార్ట్ చేయడం, ఆపడం నేర్చుకోండి. నీళ్ళు లేకుండా ఒక్క నిమిషం కూడా తిప్పకండి, లోపల నీళ్ళు లాగే రబ్బరు చక్రం కాలిపోతుంది. తిరిగేటప్పుడు మోటారు వెనక నుంచి సన్నటి నీటి ధార చిమ్ముతూ ఉండాలి. ఆగిందంటే నాచో మట్టో అడ్డం పడింది, వెంటనే ఆపేయాలి. మణికట్టుకు కట్టుకునే తాడు ఒకటి ఉంటుంది, మనిషి నీళ్ళలో పడితే అది లాగి మోటారు ఆగుతుంది. చాలామంది దాన్ని మోటారుకే చుట్టి ఉంచుతారు, గొలుసు తీసి సైకిలు తొక్కినట్టు.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా? మీ దగ్గర ఏదుంటే అదే మంచిది. టూ స్ట్రోక్ అయితే తేలిక, పెట్రోల్లో ఆయిల్ కలపాలి, మామూలుగా లీటరుకు 20 మిల్లీలీటర్లు, మరిచిపోతే ఇంజన్ పట్టేస్తుంది. ఫోర్ స్ట్రోక్ అయితే బరువు ఎక్కువ, శబ్దం తక్కువ, బండిలో ఏ పక్కకు పడితే ఆ పక్కకు పడుకోబెట్టకూడదు, లోపలి ఆయిల్ వెళ్ళకూడని చోటికి వెళుతుంది. రెండింటికీ అసలు శత్రువు వేరే ఉంది. మన పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పడవ వెనక తగిలించే చాలా మోటార్ల మాన్యువల్లో 10 శాతం వరకే అని రాసి ఉంటుంది, మీ మాన్యువల్ తీసి చూడండి. ఇథనాల్ తేమను లాగుతుంది, నెలలు నిలవున్న పెట్రోలు కార్బురేటర్‌లో చేటు చేస్తుంది. వాడిన రోజే ఖాళీ చేసేయండి. పదకొండు నెలల కిందటి పెట్రోలు అందులో ఉంటే స్టార్ట్ చేయకముందే తీసేయించండి. మోటారుకు తుప్పు పట్టకుండా తగిలించే చిన్న లోహపు ముక్క విషయంలో కూడా ఇదే కథ. సముద్రం పక్కవాళ్ళు జింక్ పెట్టమంటారు, వాళ్ళకు సరైనదే. మన మంచినీళ్ళలో మెగ్నీషియందే పని చేస్తుంది.

రబ్బరు పడవకు మన దగ్గర ఇంకో గండం ఉంది, అది ఏ దేశంవాడూ చెప్పడు. కంప. మన చెరువుల ఒడ్డునా, రిజర్వాయర్ల ఒడ్డునా సర్కారు కంప లేని చోటు చూపించండి. మా పడవ మొదటిసారి నీళ్ళు తాకకముందే, ఒడ్డు మీద ఈడుస్తుంటే, రెండు చోట్ల ముల్లు దిగింది. అప్పట్నుంచి మందపాటి టార్పాలిన్ పరిచి దానిమీదే గాలి కొడతాం, ఎత్తుకుని వెళ్ళి నీళ్ళలో పెడతాం. ఎండలో పెడితే లోపలి గాలి వ్యాకోచించి అతుకులు ఊడతాయి, ఒడ్డున ఉన్నంతసేపు కొంచెం గాలి వదలాలి. చల్లటి నీళ్ళలోకి దిగాక మెత్తబడుతుంది, మళ్ళీ కొట్టాలి.

నీళ్ళ సంగతి మాత్రం ఏ వీడియోలోనూ దొరకదు, ఆ నీళ్ళ మీద బతికేవాళ్ళ దగ్గరే దొరుకుతుంది. శ్రీశైలం నీటిమట్టం పెరిగితే సంగమేశ్వరం గుడి మునుగుతుంది, తగ్గితే తేలుతుంది. గుడి ఒక్కటే అనుకోకండి, మునిగిన ఊళ్ళ గోడలు, చెట్ల మోళ్ళు కూడా అడుగున ఉన్నాయి. నిన్న మునిగి ఉన్న గోడ ఇవాళ మోటారు రెక్కకు అందుతుంది. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు దిగువన నదిలోకి వరద ఎట్లా వచ్చిందో చూశాం కదా. నది ఒడ్డున ఉన్నప్పుడు పైన డ్యాంలో ఏం జరుగుతోందో తెలుసుకోకుండా పడవ విప్పొద్దు. 2009 అక్టోబరులో కర్నూలు మునగడం కళ్ళారా చూసినవాణ్ణి, వర్షాకాలంలో నేను పడవ ముట్టుకోను.

నేను నీళ్ళ పని నేర్చుకున్నది తుంగభద్రలో పుట్టి నడిపే ఒక పెద్దాయన దగ్గర. వెదురు అల్లి, అడుగున పట్టా కప్పి, తారు పూసిన గుండ్రటి బుట్ట, చేతిలో ఒకే తెడ్డు. అందులో కూర్చోబెట్టి తెడ్డు నా చేతికిచ్చాడు. అరగంట నేను గిర్రున తిరుగుతూనే ఉన్నాను, ఒక్క అడుగు ముందుకు పోలేదు. ఆయన బీడీ కాల్చుకుంటూ చూశాడు. తర్వాత నేను మోటారు పడవ తెస్తానంటే, ఎన్ని గుర్రాల మోటారని అడగలేదు. "వచ్చేటప్పుడు గాలి యాపక్క నుంచి కొడుతుంది సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సీమలో ఆషాఢ మాసపు గాలి మీకు తెలుసు. పొద్దున అద్దంలా ఉన్న రిజర్వాయర్ మధ్యాహ్నానికి లేచి కూర్చుంటుంది. గాలి వాలున హాయిగా అవతలి ఒడ్డుకు పోతారు, మోటారు ఆగితే తిరిగి రాలేరు. అందుకే ఆయన ఎప్పుడూ ముందు గాలికి ఎదురుగా పోతాడు. అలిసిపోయాక గాలే ఇంటికి తోస్తుంది.

మీకు దగ్గర పీఏబీఆర్, అంటే పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ ఉంది. అక్కడ చేపలు పట్టేవాళ్ళతో రెండు మూడు పొద్దులు తిరగండి, వాళ్ళ కూలి వాళ్ళకిచ్చి, లైఫ్ జాకెట్ వేసుకుని. కాళ్ళ కింద పెట్టుకోవడం కాదు, బొత్తాలు బిగించి వేసుకోవాలి. బావగారిని కూడా తీసుకెళ్ళండి. ఫోను ఒడ్డున ఎవరికైనా ఇచ్చి వెళ్ళమనండి, తడుస్తుందని చెప్పండి.

ఈలోగా నాకు మూడు సంగతులు రాసి పంపండి: టైర్ల మీది నాలుగంకెలు, కాటా చీటీలో బరువు, ఇంటి ముందు పడుకున్న మొదటి రాత్రి నోటుబుక్కులో రాసింది. వైర్ల మందం అవి చూశాక చెప్తాను. పిల్లుల్ని మాత్రం వెళ్ళగొట్టకండి. పదకొండు నెలలుగా ఎలుకలు వైర్లు కొరక్కుండా ఆ బండిని కాపాడింది అవే అయ్యుంటాయి. స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండుసార్లు తట్టండి.